ఆ గొంతు ఏం చెబుతోంది? అడగడానికి ఎందుకింత కాలం పట్టింది?

స్కిజోఫ్రెనియా అనగానే మన సినిమాల్లో ఏం చూపిస్తారు? చెవిలో ఏదో గొంతు, మరుక్షణం చేతిలో కత్తి. అసలు ప్రమాదం ఎవరికి? ఈ ప్రశ్న పట్టుకుని నేను వందేళ్లు వెనక్కి వెళ్లాను.

ఆ జబ్బుకి 1908లో ఆ పేరు పెట్టింది స్విట్జర్లాండ్ డాక్టర్ యూజెన్ బ్లాయిలర్. 1911లో రాసిన పుస్తకంలో ఆయన అన్నిటికన్నా తీవ్రమైన లక్షణం ఏదన్నారో తెలుసా? పక్కవాళ్ల మీద పడటం కాదు, చచ్చిపోవాలనిపించడం. ఆ భయంతో పేషెంట్లని రాత్రీ పగలూ కాపలా కాయడం కూడా క్రూరత్వమే అన్నారు. 1911లో అండీ! చదివి కాసేపు అలా ఉండిపోయాను.

తర్వాత జర్మనీలో కుర్ట్ ష్నైడర్ ఒక లిస్ట్ ఇచ్చారు. గొంతులు తమలో తాము వాదించుకోవడం, మనం చేసే పనికి కామెంటరీ చెప్పడం, ఇలాంటివి. జబ్బుని గుర్తుపట్టడానికి అది బాగా పనికొచ్చింది. కానీ ఆ లిస్ట్ చూసేది గొంతు ఎలా వినిపిస్తోందన్నదే. ఏం చెబుతోందన్నది వెనక్కి పోయింది. నా దృష్టిలో పెద్ద నష్టం అదే.

1987లో నెదర్లాండ్స్‌లో మారియస్ రొమ్మ అనే సైకియాట్రిస్ట్, గొంతులు వినపడే తన పేషెంట్‌తో కలిసి టీవీలో కూర్చున్నారు. ప్రోగ్రాం చూసి దాదాపు 700 మంది స్పందిస్తే, అందులో 450 మంది మాకూ వినిపిస్తాయన్నారు. సుమారు 150 మంది వాటితోనే నెట్టుకొస్తున్నామన్నారు. అంటే వినపడటం వేరు, ప్రమాదం వేరు.

మరి తేడా ఎక్కడుంది? 1994లో బ్రిటన్‌లో పాల్ చాడ్విక్, మాక్స్ బర్చ్‌వుడ్ 26 మందిని కూర్చోబెట్టి అడిగారు. ఆ గొంతు మన మంచి కోరేదే అని నమ్మినవాళ్లు దానితో కలిసిపోతున్నారు, చెడ్డదనుకున్నవాళ్లు ఎదిరిస్తున్నారు. దానికి చాలా శక్తి ఉందని మాత్రం దాదాపు అందరూ నమ్ముతున్నారు.

అందుకే ఇప్పుడు డాక్టర్లు వరసగా అడుగుతారు: గొంతు ఏదైనా చెయ్యమంటోందా? ఏం చెయ్యమంటోంది? అది ఎవరిదనుకుంటున్నావు? మాట వినకపోతే ఏమవుతుందని భయం? ఇంతకు ముందెప్పుడైనా చెప్పినట్టు చేశావా? చచ్చిపోవాలనిపిస్తోందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని ఇంట్లోవాళ్లు భయపడతారు. అడిగితే పుట్టదండీ.

మీ ఇంట్లో ఎవరికైనా "చచ్చిపో" అని వినిపిస్తోంటే ఈ వీడియో ఇక్కడే ఆపండి, వాళ్లని ఒంటరిగా వదలకండి, హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ టైమ్‌లోనైనా.