విభక్తులును యంత్రభాషయు



విశాఖపట్టణపు రేవులో ఓడలనుండి బొగ్గు దిగుట మీలో ననేకులు చూచియుందురు. "కూలివాఁడు ఓడనుండి బొగ్గును బండిలోనికి దించెను" అని చెప్పుదము. ఈ మాటలను తాఱుమాఱు చేసి, "బొగ్గును బండిలోనికి ఓడనుండి కూలివాఁడు దించెను" అన్నను అర్థము చెడదు. పద మెక్కడ నున్నను దాని పనిని విభక్తి చెప్పుచున్నది. ఈ పాఠము నేను పిల్లలకు పలుమాఱులు చెప్పితిని. ఇది యెందుకు పనికివచ్చునని వారడిగిన, పరీక్షకని బదులిచ్చువాఁడను. ఆ సమాధానము చాలదని యిప్పుడు తోఁచుచున్నది.

నేఁడు రేవునందును, గాజువాక చెంతనున్న ఉక్కు కర్మాగారమునందును అనేక కార్యములు కంప్యూటరుల సాయమున జరుగుచున్నవి. ఆ యంత్రములకు మన యాజ్ఞలను తెలుపుటకై విద్వాంసులు కృత్రిమభాషలను కల్పించిరి. వానిలో పెక్కింటికి విభక్తులు లేవు. ఎడమనున్నది పుచ్చుకొనును, కుడినున్నది యీయఁబడును. చోటు మాఱిన అర్థము తలక్రిందగును.

అమెరికాలో లారీ వాల్ అను నతఁడు భాషాశాస్త్రమును చదివినవాఁడు. అతఁడు 1987లో పెర్ల్ అను యంత్రభాషను వెలువరించెను. "అన్నము తిని, చేయి కడిగికొని, పొలమునకు పోయెను" అన్నప్పుడు కర్తను మాటిమాటికి చెప్పము గదా. అట్లే అందు ప్రస్తుతవస్తువును మఱల పేర్కొనకయే పెక్కు పనులు చేయింపవచ్చును. ఒక సూత్రమునందలి పదము క్రింది సూత్రములకు దిగివచ్చు అనువృత్తిని ఎఱిఁగినవారికి ఇది క్రొత్త కాదు.

ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయమునందుండిన డేమియన్ కాన్వే 2000 సంవత్సరమున నింకను ముందునకు పోయెను. పెర్ల్ ఆజ్ఞలను లాటిను భాషలో వ్రాయు పద్ధతి నతఁడు నిర్మించి, పెర్లిగాట అని పేరిడెను. లాటినునకును సంస్కృతమునకువలె విభక్తులున్నవి. ఒక విలువ నొక పేరున నిలుపవలెనన్న "ఇమ్ము" అను క్రియను వాడుదురు. పుచ్చుకొనునది చతుర్థిలోను, ఈయఁబడునది ద్వితీయలోను నుండును. ఏది ముందైనను యంత్రము గ్రహించును. ఇది ప్రయోగమే కాని నిత్యవ్యవహారమునకు చేసినది కాదు. అయినను స్థానమే గతియనుకొన్న చోట విభక్తియు చాలునని ఋజువు చేసినది.

ఇచట నొక హెచ్చరిక. సంస్కృతమే కంప్యూటరునకు తగిన భాషయని అమెరికావారు తేల్చిరని సభలలో వినుచుందుము. 1985లో రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుఁడు వ్రాసినది, వాక్యార్థమును విడఁదీయుటలో మన శాబ్దికుల పద్ధతి యంత్రములకై తా మేర్పఱచుకొన్న పద్ధతిని పోలియున్నదని మాత్రమే. పాణిని విషయమును అట్టిదే. యంత్రభాషల వ్యాకరణమును సూత్రములుగా వ్రాయు మార్గమును 1959లో బాకసు చూపెను, 1960లో నౌరు దానిని సంస్కరించెను. ఆ మార్గమునకు పాణిని పేరు చేర్చుట న్యాయమని 1967లో ఇంగర్మను వ్రాసెను. అంతేకాని బాకసు అష్టాధ్యాయిని చూచి చేసెనని చెప్ప నాధారము లేదు. మన గొప్పను చెప్పుకొనుటకు అబద్ధ మక్కఱలేదు.

మన వైపు వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మున్నగువారు కారకములను, విభక్తులను ఆధారముగాఁ గొని భారతీయభాషలను కంప్యూటరునకు బోధింపఁబూని, 1995లో నొక గ్రంథమును ప్రకటించిరి. తెలుఁగును హిందీకి చేర్చు ప్రయత్నమును వారి కృషిలోనిదే.

కాని తెలుఁగున నొక చిక్కున్నది. విశాఖలో కంప్యూటరు పని చేయు నా పూర్వశిష్యుఁ డొకఁడు మొన్న దానిని నా ముందుంచినాఁడు. "ఎద్దు గడ్డి తినెను" అందుము. గడ్డికి ద్వితీయ యేది? జడవాచకములకు ద్వితీయకు మాఱుగ ప్రథమ వచ్చునని చిన్నయసూరియు బాలవ్యాకరణమున నొప్పుకొనెను. "గడ్డి ఎద్దు తినెను" అన్నను పసులకాపరి తడఁబడఁడు, గడ్డి తినునది కాదని వానికి తెలియును. యంత్రమునకు నోరు లేనిదేదో, మేయునదేదో తెలియదు. నిప్పుతో తడుపుట పొసఁగదని చెప్పు యోగ్యతను తార్కికులు వ్యాకరణమునుండి వేఱుచేసి చెప్పుట యిందులకే గదా యంటిని. వాఁడు కాగితముపై ఆ మాటను వ్రాసికొని, ఆకాంక్షయు, సన్నిధియు ననఁగా నేమో చెప్పుమని కూర్చుండినాఁడు.