పరాయి నేలకు సన్నాహం: ఢిల్లీలో కేంబ్రిడ్జి మిషనరీలు

విద్యార్థులారా! క్రైస్తవ మిషనరీల చరిత్ర అనగానే మనకు బడులు, ఆస్పత్రులు, మతమార్పిడులు, వాటి చుట్టూ నడిచిన వాదోపవాదాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మనం మరొక ప్రశ్న వేసుకుందాం. తన భాష, తన ఆచారం కాని చోట పనిచేయడానికి వెళ్ళే మనిషి ముందుగా ఏమి నేర్చుకోవాలి? ఆ చదువు అతనికి ఎవరు చెబుతారు? దీనికి జవాబు వెతకడానికి ఢిల్లీ నగరం మంచి ఉదాహరణ.

ముందుగా నేపథ్యం చూద్దాం. 1852లో ఢిల్లీ కాలేజీ గణిత అధ్యాపకుడు మాస్టర్ రామచంద్ర, వైద్యుడు చమన్ లాల్ క్రైస్తవం స్వీకరించారు. నగరంలో పెద్ద కలకలం రేగింది. 1854లో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ సంఘం ఇక్కడ పని మొదలుపెట్టింది. అప్పటి ఇంగ్లీషు మతగురువు జెన్నింగ్స్ ఎక్కడ నివసించేవాడో తెలుసా? ఎర్రకోట లాహోరీ దర్వాజా పైన. అంటే మొగల్ చక్రవర్తి కోట గుమ్మం మీదే! అలాంటి మనిషిని కంపెనీ ప్రభుత్వం నుంచి వేరుచేసి చూడడం నగరవాసులకు ఎలా సాధ్యం? 1857 మే 11న తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలోకి వచ్చినప్పుడు జెన్నింగ్స్, చమన్ లాల్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. రామచంద్ర తప్పించుకున్నారు.

రెండు దశాబ్దాల తర్వాత, 1877లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి ఒక చిన్న బృందం వచ్చింది. దాని నాయకుడు ఎడ్వర్డ్ బికర్‌స్టెత్. వెనుక నిలిచి ప్రోత్సహించిన పండితుడు బి.ఎఫ్. వెస్ట్‌కాట్. భారతీయ చింతనను గౌరవంగా చదివినవారే ఇక్కడి విద్యావంతులతో మాట్లాడగలరనీ, ఆ చింతన క్రైస్తవానికి కొత్త వెలుగు ఇవ్వగలదనీ వెస్ట్‌కాట్ నమ్మకం. ఈ బృందమే 1881 ఫిబ్రవరి 1న చాందినీ చౌక్ ప్రాంతంలోని ఒక ఇంట్లో సెయింట్ స్టీఫెన్స్ కళాశాలను ప్రారంభించింది. మొదటి ప్రిన్సిపాల్ ఎస్.ఎస్. ఆల్నట్.

వీరి సన్నాహంలో మొదటి మెట్టు భాష. 1879లో వచ్చిన జి.ఎ. లెఫ్రాయ్ ఉర్దూలో పట్టు సాధించి, ముస్లిం పండితులతో బహిరంగ చర్చలు జరిపాడు. రెండవ మెట్టు ఆచారాలను తెలుసుకోవడం. పరదా పాటించే ఇళ్ళలో స్త్రీలకు మగ డాక్టరు వైద్యం చేయడం కష్టం. అందుకే స్త్రీల కోసం, పిల్లల కోసం 1885లో సెయింట్ స్టీఫెన్స్ ఆస్పత్రి వెలిసింది. ఊరిని అర్థం చేసుకుంటే పని రూపమే ఎలా మారుతుందో గమనించండి.

అయితే భాష, ఆచారం తెలిస్తే సరిపోతుందా? ఇక్కడే అసలు చిక్కు ఉంది. మిషనరీ పాలకజాతి మనిషి. ఉర్దూ ఎంత బాగా మాట్లాడినా, ఎదుటివాడిని సమానుడిగా చూడడం ఏ నిఘంటువూ నేర్పదు.

1904లో ఢిల్లీకి వచ్చిన సి.ఎఫ్. ఆండ్రూస్ ఈ మూడవ మెట్టును ఎక్కడ ఎక్కాడో చూద్దాం. కేంబ్రిడ్జిలో చదివి, లండన్ పేదవాడల్లో పనిచేసి వచ్చినవాడు ఆయన. కానీ ఇక్కడ ఆయనకు ఇద్దరు కొత్త గురువులు దొరికారు. ఒకరు వృద్ధ చరిత్రకారుడు మౌల్వీ జకావుల్లా. ఈయన పైన చెప్పుకున్న మాస్టర్ రామచంద్రకు శిష్యుడు. ఆయన నోట పాత ఢిల్లీ కథలు విన్న ఆండ్రూస్, తర్వాత 1929లో ఆయన జీవితం మీద పుస్తకమే ప్రచురించాడు. రెండవవారు 1886 నుంచి ఆ కళాశాలలో బోధిస్తున్న బెంగాలీ క్రైస్తవుడు సుశీల్ కుమార్ రుద్ర.

1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. ఆ కుర్చీలో ఇంగ్లీషువాడే ఉండాలని కొందరు పట్టుబట్టారు. ఆండ్రూస్ ఒప్పుకోలేదు. అనుభవంలో పెద్దవాడైన రుద్రకే ఆ పదవి దక్కాలని గట్టిగా నిలబడ్డాడు. రుద్ర ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. 1915లో గాంధీజీ ఢిల్లీకి వచ్చినప్పుడు బస చేసింది ఈ రుద్ర గారి ఇంట్లోనే.

ఇదే ప్రశ్న ప్రపంచవేదిక మీదికి కూడా వచ్చింది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభ ఎనిమిది విచారణ సంఘాలను వేసింది. వాటిలో ఒకటి కేవలం మిషనరీల శిక్షణ గురించే. ఆ సభలో మన దేశం నుంచి వెళ్ళిన వి.ఎస్. అజరయ్య మాట్లాడుతూ, మిషనరీలు త్యాగాలు చేశారు, నిజమే, కానీ మాకు స్నేహితులు కావాలి అన్న భావాన్ని సూటిగా చెప్పారు. ఆ మాట కొందరికి నచ్చలేదు. గమనించండి, అజరయ్య కూడా పరాయి సంస్కృతికి వెళ్ళిన మిషనరీయే. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో స్థిరపడ్డారు. 1912లో అక్కడి బిషప్ అయ్యారు. 1945లో మరణించేదాకా ఆ ఊరే ఆయన ఊరు. ఆయన కట్టించిన డోర్నకల్ కథెడ్రల్‌లో హిందూ, ముస్లిం వాస్తురీతులు కలిసి కనిపిస్తాయి.

ఆండ్రూస్ వంటివారు అందరూ కారు. ఆయన కూడా చివరికి ఢిల్లీ మిషన్‌ను వదిలి 1914లో శాంతినికేతన్ చేరాడు. సంస్థ ఇచ్చే శిక్షణకూ, స్నేహం అడిగే మూల్యానికీ మధ్య ఉన్న దూరం దీనివల్ల తెలుస్తుంది.

ఈ పాఠం మిషనరీలకే పరిమితం కాదు. రేపు మీలో ఒకరు గోండు గూడేనికి ఉపాధ్యాయులుగా వెళ్ళవచ్చు. మరొకరు పరాయి రాష్ట్రంలో డాక్టరు కావచ్చు. అక్కడి భాషను ఆరు నెలల్లో నేర్చుకోగలరు. కానీ ఆ ఊరి మనిషి కింద పనిచేయడానికి, ఆయన చెప్పేది విని మీ అభిప్రాయం మార్చుకోవడానికి మీరు సిద్ధంగా ఉన్నారా? 1906లో ఢిల్లీ వేసిన పరీక్ష ఇదే. మీ సమాధానం ఆలోచించండి.