తాడెక్కిన కుర్రాడు

మా తాతగారు అబద్ధమాడే మనిషి కాదు. తాడు గారడీ కళ్లారా చూశానని ఆయన చెబితే ఇంట్లో కాదన్నవాళ్లు లేరు. గారడీవాడు విసిరిన తాడు కర్రలా నిలబడ్డం, కుర్రాడు దానిమీద పాకి మాయమైపోవడం!

ఈ వింత లోకమంతా పాకింది ఒక పత్రిక పుణ్యమా అని. 1890 ఆగస్టులో 'షికాగో ట్రిబ్యూన్' అచ్చువేసింది. ఇద్దరు అమెరికన్లు ఇండియాలో చూశారట. ఒకడు బొమ్మ గీశాడు, ఒకడు ఫోటో తీశాడు. ఫోటోలో తాడూ లేదు, కుర్రాడూ లేడు! నాలుగు నెలలకి, అది అల్లిన కథేనని ఆ పత్రికే ఒప్పుకుంది. అల్లినవాడు విల్కీ అనే విలేకరి. ఒప్పుకోలు ఎవరిక్కావాలి? కథ అప్పటికే సముద్రాలు దాటేసింది. విక్రమార్కుడి కథల్లో ఆకాశానికి వెళ్లొచ్చిన ఐంద్రజాలికుణ్ణి ఎరిగిన మనకైతే అది కొత్తగానూ తోచదు. 1934లో లండన్ మేజిక్ సర్కిల్‌వారు ఈ గారడీ చేసి చూపిస్తే 500 గినీలిస్తామన్నారు. ఆ సొమ్ము వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మరి చూశామన్నవాళ్ల మాటేమిటి? వైజ్‌మన్, లామాంట్ అనే ఇద్దరు అలాంటి సాక్ష్యాలు పోగుచేసి 1996లో తేల్చిందేమిటంటే, చూసి ఎన్నేళ్లయితే కథ అంత ఘనం. వెదురు గడమీద కుర్రాణ్ణి నిలబెట్టే ఆటే కొందరి జ్ఞాపకంలో తాడై ఉండొచ్చట.

నా చిన్నప్పుడు తాతగారు చెప్పిన కథలో కుర్రాడు తాడు చివర కూచుని చెయ్యూపేవాడు. మాయమవడం నేను కాలేజీకొచ్చాక మొదలైంది. ఆ సంగతి ఆయనతో అనడానికి నాకెప్పుడూ నోరు రాలేదు.