మద్రాసు రాజధానిలో తెలుగు పాఠ్యపుస్తకాల ప్రచురణ

మద్రాసు రాజధానిలో తెలుగు పాఠ్యపుస్తకాల ప్రచురణ 19వ శతాబ్దపు తొలి దశకాలలో ఆరంభమై, 1947 వరకు బ్రిటిషు విద్యావిధానంతో ముడిపడి కొనసాగినది. ఆ కాలంలో పాఠ్యపుస్తకం ఒక బోధనోపకరణము, ఒక వ్యాపార సరుకు కూడా. బాలుడు ఏ తెలుగు చదవవలెనన్నది పండితులతో పాటు విద్యాశాఖ, పరీక్షలు, ప్రచురణకర్తలు కలిసి నిర్ణయించిన విషయము. నేటి చిత్తూరు జిల్లాలోని నగరి వంటి సరిహద్దు ప్రాంతాలలో ఈ నిర్ణయాల ప్రభావం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

వీధిబడులు

అచ్చుపుస్తకం రాకముందు పిల్లలు అరుగుల మీద నడిచే వీధిబడులలో ఇసుకపై అక్షరాలు దిద్ది, తాటాకులపై వ్రాసి నేర్చుకొనేవారు. 1822లో గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్కలు పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించాడు. ఈ విచారణలో 12,498 బడులు ఉన్నట్లు తేలినది.

వచ్చిన నివేదికలలో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపినది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఇతడు అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. తన జిల్లాలో 533 బడులు ఉన్నవనీ, వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226 అనీ తెలిపాడు. పైతరగతి పిల్లలు తక్కువ వారికి నేర్పే పద్ధతిని, చదువుకయ్యే స్వల్ప వ్యయాన్ని మెచ్చుకున్నాడు. అయితే పిల్లలు వల్లించే పద్యాల భాష వారు మాట్లాడే భాషకు చాలా దూరమనీ, అర్థం తెలియకుండానే కంఠస్థం చేస్తున్నారనీ, వ్రాతప్రతులలో తప్పులు మెండనీ విమర్శించాడు. తరువాతి నూరేళ్ల భాషావివాదానికి బీజం ఈ నివేదికలోనే ఉన్నదనవచ్చు.

మన్రో 1826లో తన ప్రణాళికను ప్రకటించాడు. కలెక్టరేటుకు రెండేసి, తహశీలుకు ఒకటి చొప్పున పాఠశాలలు పెట్టాలని, 1820లో ఏర్పడిన మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి పుస్తకాల ముద్రణకై ప్రభుత్వ ధనం ఇవ్వాలని అందులో ప్రతిపాదించాడు. 1827లో ఆయన కలరాతో మరణించాడు. ఆ పాఠశాలలు ఎక్కువ కాలం నిలువలేదు.

చిన్నయసూరి, గ్రాంథిక వచనము

మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాల (1812) కోసం రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను వచనంలో వ్రాశాడు. దీని ఉద్దేశం తెలుగు పిల్లలు కాదు, తెలుగు నేర్చుకొనే దొరలు. ఇళ్లలో, వీధిబడులలో విశేష ప్రచారం పొందినది పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష (1832). ఇదే పెరిగి పెద్దబాలశిక్ష అయినది. వావిళ్ల వంటి మద్రాసు సంస్థలు దీనిని పలుమార్లు ముద్రించినవి. ప్రభుత్వ పట్టికలపై ఆధారపడకుండా ఇంతకాలం అమ్ముడైన తెలుగు పుస్తకాలు అరుదు.

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. మిత్రలాభము, మిత్రభేదము మాత్రమే ఆయన వ్రాశాడు. మిగిలిన సంధి, విగ్రహములను తరువాత కందుకూరి వీరేశలింగం పూర్తిచేశాడు. మద్రాసులో విద్యాశాఖకు తొలి డైరెక్టరైన ఎ.జె. ఆర్బత్‌నాట్ చిన్నయసూరికి ప్రోత్సాహకుడు. నీతిచంద్రికయు, బాలవ్యాకరణమును తరతరాల విద్యార్థులకు పాఠ్యగ్రంథాలైనవి. ఇవి గొప్ప రచనలే. కాని వీటి భాష పరీక్షలకు కొలబద్ద కావడంతో, పంచతంత్ర కథ చదివే బాలుడు కథకు ముందు భాషను జయించవలసి వచ్చినది.

ఆమోదిత పట్టిక, లండను సంస్థలు

1854లో వుడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పాటుతో పాఠ్యపుస్తకానికి నిశ్చయమైన గిరాకీ ఏర్పడినది. నవల అమ్ముడవుతుందో లేదో ప్రచురణకర్తకు ముందుగా తెలియదు. పరీక్షకు నిర్ణయించిన పుస్తకం మాత్రం తప్పక అమ్ముడవుతుంది. 1873లో భారత ప్రభుత్వం పాఠ్యపుస్తకాలను పరిశీలించే సంఘాలు ఏర్పరచవలెనని రాష్ట్రాలను కోరినది. సంఘం ఆమోదమే వ్యాపారానికి తాళపుచెవి అయినది.

ఈ గిరాకీని గుర్తించిన లండను సంస్థలలో మాక్మిలన్ ముఖ్యమైనది. టాడ్‌హంటర్ బీజగణితం, బార్నార్డ్ స్మిత్ అంకగణితం దాని ప్రచురణలే. బెంగాలులో ప్యారీచరణ్ సర్కార్ వ్రాసిన ఇంగ్లీషు వాచకాల హక్కులను కూడా అది కొన్నది. బొంబాయి (1901), కలకత్తా (1907) తరువాత 1913లో మద్రాసులో శాఖ తెరిచినది. లాంగ్‌మన్స్, ఆక్స్‌ఫర్డు ప్రెస్సులు కూడా భారతదేశంలో శాఖలు పెట్టినవి. ఇది ఇక్కడికే పరిమితం కాదు. నెల్సన్ సంస్థ రాయల్ రీడర్లు కరీబియను దీవుల బడులకూ చేరినవి. స్థానిక విషయాలతో వాచకాలు కావాలన్న కోరిక అక్కడా పుట్టి, 1920లలో వెస్ట్ ఇండియన్ రీడర్లు వచ్చినవి. వాటిని ముద్రించినది కూడా ఆ నెల్సన్ సంస్థయే.

భాషావివాదము

ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరైన జె.ఎ. యేట్స్, వ్రాతభాషకూ మాటభాషకూ ఇంత అంతరమేమిటని అడగడం గిడుగు రామమూర్తిని ఆలోచింపజేసినదని ప్రతీతి. గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనతో కలిశారు. జయంతి రామయ్య పంతులు మొదలైనవారు గ్రాంథికం పక్షం వహించి 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘంలో ఆధిక్యం గ్రాంథికవాదులదే కాగా, గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించాడు. పైకి ఇది వ్యాకరణ చర్చ. ఏ విద్యార్థి వ్యాసం తప్పుల తడక అవుతుంది, ఎవరు ఉత్తీర్ణులవుతారు, ఎవరి పుస్తకాలు బడికి వస్తాయి అన్నవి దాని అసలు ఫలితాలు.

నగరి ప్రాంతము

నగరి పరిసరాలు నాటి కార్వేటినగరం జమీందారీలోనివి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం తమిళం కూడా విస్తారంగా గల ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నది. మద్రాసు–బొంబాయి రైలుమార్గం నగరి మీదుగా పోతున్నందున పుస్తకాల మూటలు మద్రాసు నుండి రావడం కష్టం కాదు. కష్టమంతా పుస్తకంలోని భాషతోనే. ఇంట తమిళమో, తమిళపు పలుకుబడి కలిసిన తెలుగో మాట్లాడే పిల్లవానికి గ్రాంథిక వాచకం దాదాపు మూడవ భాష. వ్యవహారవాదులు గెలిచిన తరువాత కూడా, ప్రామాణికమని స్థిరపడినది కృష్ణా, గోదావరి జిల్లాల శిష్టుల భాషే గాని ఈ సీమ మాట కాదు.

1953లో ఈ ప్రాంతం ఆంధ్ర రాష్ట్రంలో చేరినది. 1960లో సరిహద్దు సవరణతో పొరుగున ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లగా, నగరి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండిపోయినది. అటుపై పాఠశాలల వాచకాలు హైదరాబాదులోని ప్రభుత్వ పాఠ్యపుస్తక ముద్రణాలయం నుండి రాసాగినవి. 1968లో స్థాపించబడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియెట్, డిగ్రీ పుస్తకాలను వాడుకభాషలో తెచ్చినది. లాంగ్‌మన్స్ సంస్థ భారతీయ శాఖ 1948లో ఓరియంట్ లాంగ్‌మన్స్‌గా మారి, తరువాత హైదరాబాదు కేంద్రంగా పనిచేసి, నేడు ఓరియంట్ బ్లాక్‌స్వాన్ పేరుతో పాఠ్యపుస్తకాలు ప్రచురిస్తున్నది.