షిఫ్టు నొక్కితే పాట, మరిస్తే పాత

ఆగస్టు 25 గుర్తుంచుకోదగ్గ రోజు. 1991లో ఆ రోజునే హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్. వ్యాసానికి ఇంతకంటే సాకేం కావాలి!

మిగతా చరిత్ర గబగబా దాటేద్దాం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ లినక్స్‌కు మాదిరైన యూనిక్స్‌ని మొదలెట్టారు. ఆదేశాలు బట్టీ పట్టినవాళ్లకే అది లొంగేది. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ మొదలయ్యాకే లినక్స్‌లో మామూలు మనిషి మౌస్‌తో నెట్టుకురాగల తెర తయారవసాగింది.

నాకిష్టమైన ఘట్టం వేరే. తొంభైల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో మనవాళ్ల ముందు యూనిక్స్ యంత్రాలున్నాయి, తెలుగు అక్షరం మాత్రం లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఇంగ్లిషు మీటలతోనే తెలుగు రాసే పద్ధతి కట్టారు. దాని పేరు ఆర్టీఎస్. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. న, ణలకూ అదే సూత్రం. షిఫ్టు మరిచారా, కొత్త పాట కాస్తా కొత్త పాత అయిపోతుంది! అలా రాసినదాన్ని వాళ్ల ప్రోగ్రాము టెక్ (TeX) అనే అచ్చుకూర్పు వ్యవస్థకి అప్పగిస్తే, ముక్కవిల్లి లక్ష్మి వాళ్లు చేసిన ఫాంట్లతో గుండ్రటి తెలుగు అచ్చయ్యేది. యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చావేదికలో పద్యాలూ తగాదాలూ ఈ రోమన్ వేషంలోనే నడిచాయి. ఏ కంపెనీ పూనుకోకముందే వాడుకరులే తమ ఇబ్బంది తీర్చుకున్న ఆ తెగువంటే నాకు మహా ముచ్చట.

తర్వాత కథ చిక్కుపడింది. యూనికోడ్‌లో క్ష అంటే మూడు సంకేతాలు. వాటిని కలిపి వత్తుగా చూపే పని, తెరపై అక్షరాలు కూర్చే పాంగో, హార్ఫ్‌బజ్ ప్రోగ్రాములు నేర్వాల్సి వచ్చింది. కెనడా నుంచి తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను స్వేచ్ఛగా వదిలారు. 2004లో ఉబుంటు వచ్చి, సీడీలు ఇంటికే ఉచితంగా పంపింది. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం డెబియన్‌ని తెలుగులోకి మలిచింది. అంతా కుదుటపడిందనుకునేసరికి 2011లో గ్నోమ్ 3, ఉబుంటు డెస్క్‌టాప్‌పై యూనిటీ వచ్చి, అలవాటైన మెనూల తీరే మార్చేశాయి. సులభం చేయడమంటే మళ్లీ నేర్పించడమా?

ఈలోగా మన ఆండ్రాయిడ్ ఫోన్లలోకి లినక్స్ చప్పుడు లేకుండా చేరిపోయింది. తెలుగు అక్షరాల అక్కర తెలుగువాళ్లకే కాదు: అరకు కొండల కువి భాషకు బడి పుస్తకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి కాబట్టి, పోతన, వేమన వంటి ఫాంట్లు కువి మాట్లాడే పిల్లలకూ పనికొస్తాయి. ఆ బళ్లలో పనిచేసే ఉపాధ్యాయులకో మాట: మూలనపడ్డ కంప్యూటరుంటే లినక్స్ ఎక్కించి చూడండి. టైపింగ్ పద్ధతులను మార్చుకోనిచ్చే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టుకుంటే ఆర్టీఎస్ ఇప్పటికీ దొరుకుతుంది.