శైవమున స్వపక్షభేదము: బసవేశ్వర పండితారాధ్యులు

ఆంధ్రదేశమున శైవమతము వ్యాపించిన తీరును వర్ణించునపుడు మన సాహిత్య చరిత్రకారులు సాధారణముగ శైవులకు జైన బౌద్ధులతోను వైష్ణవులతోను నడచిన వాదములనే ముందుంచుచుందురు. అవి గట్టి కథలు. వానిలో గెలుపోటములు స్పష్టముగ నుండును. ఓడినవాడు ఊరు విడిచి పోవును, లేదా ప్రాణము విడుచును. శైవులలో శైవులకు కలిగిన అభిప్రాయభేదమునందు అంత శ్రద్ధ కనబడదు. మా దృష్టిలో మాత్రము పండ్రెండవ శతాబ్ది శైవమున మిక్కిలి విచారణీయమైన వివాదము పరమతస్థులతో జరిగినది కాదు. అది కళ్యాణమున నుండిన బసవేశ్వరునకును, ద్రాక్షారామమున జన్మించిన మల్లికార్జున పండితారాధ్యునకును నడుమ, వారొకరినొకరు చూడకయే, నిలిచిన భేదము.

ఉభయులకును విశ్వాసమున తేడా లేదు. శివుడొక్కడే పరదైవమనుటలో గాని, విభూతి రుద్రాక్షలయందలి ఆదరమున గాని, శివభక్తుని శివునిగనే చూడవలెననుటలో గాని ఒకరు హెచ్చు, ఒకరు తక్కువ కారు. భేదము వచ్చినది ఒకే ఒక చోట: శివభక్తి కలిగిన పిమ్మట జన్మతో వచ్చిన బ్రాహ్మణ్యమును ఏమి చేయవలెను?

బసవేశ్వరుని సమాధానము బాల్యముననే వెలువడినది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ప్రకారము తండ్రి మాదిరాజు ఉపనయనమునకు పూనుకొనగా బాలుడంగీకరింపలేదు. శివభక్తుడైనవానికి కర్మమార్గపు సంస్కారముతో పనిలేదని తండ్రితో వాదించి ఇల్లు విడిచెను. తరువాత కలచురి బిజ్జలుని కొలువున దండనాయకుడై, కళ్యాణమున చాకలి మడివాలు మాచయ్య మొదలైన భక్తులతో ఒకే సమాజముగ మెలగెను. ఆ పురాణమున కుమ్మర గుండయ్య, మాదర చెన్నయ్య, కన్నప్ప మొదలైనవారి కథలు వరుసగ వచ్చుట కేవలము కథాకుతూహలము వలన కాదు. కులమునడుగక భక్తినడుగవలెనను సిద్ధాంతమునకు అవి సాక్ష్యములు.

పండితారాధ్యుడు వేఱొక నేలలో పెరిగినవాడు. భీమన పండితుని కుమారుడు; కోటిపల్లి ఆరాధ్యదేవుని వలన దీక్ష పొందినవాడు; వేదశాస్త్రములు చదివినవాడు. శ్రీపతి పండితునితోను, శివలెంక మంచన పండితునితోను కలిపి ఈయనను పండితత్రయమున చేర్చుట వాడుక. ఈయన రచించిన శివతత్త్వసారము నేడు 480కి పైగా కందపద్యములతో లభించుచున్నది. అందు అద్వైతులను, బౌద్ధులను, చార్వాకులను ఖండించు పద్యములను చదివినవారికి ఆయన వాదమున సౌమ్యుడని తోచదు. అట్టివాడు బసవని గూర్చి ఏమనెను?

పారంపర్యము ఆయన పేర నిలిపిన ఒక ప్రసిద్ధ పద్యము కలదు. భక్తిపై గల వలపును, బ్రాహ్మణ్యముతోడి పొత్తును, రెంటిని తాను విడువలేనని ఆయన బసవనికే విన్నవించుకొన్నట్లు దాని భావము. దానిని పలువురు పండితారాధ్యుని ఛాందసమునకు నిదర్శనముగ నుదాహరింతురు. మేము ఆ పద్యమున రెండు సంగతులను గమనింప కోరుచున్నాము. మొదటిది సంబోధన: బసవని పేరునకు లింగశబ్దమును చేర్చి పిలుచుట. తప్పుదారిని పోయినవానిని ఎవరును అట్లు పిలువరు. రెండవది క్రియ. విడువలేనని అనెనే గాని విడువరాదని అనలేదు. ‘రాదు’ అనినచో అది శాస్త్రము. ప్రతిపక్షి దానికి లోబడవలెను, లేదా ఎదిరింపవలెను. ‘లేను’ అనుట తన మాట తాను చెప్పుకొనుట. శివతత్త్వసారమున పరమతములపై విధినిషేధములతో విరుచుకొనిపడిన ఆ పండితుడే స్వమతస్థునితో భేదించునపుడు వ్యాకరణమును మార్చుకొనెను.

ఈ సౌజన్యమును అతిగా కొనియాడుట న్యాయము కాదు. చందవోలున వెలనాటి చోడుని సభలో బౌద్ధాచార్యునితో జరిగిన వాదమును సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వర్ణించినాడు. శిష్యులు బౌద్ధాచార్యుని చంపుట, రాజు పండితుని కన్నులు తీయించుట, శివానుగ్రహమున ఆయనకు మరల చూపు వచ్చుట అందలి ముఖ్య ఘట్టములు. చరిత్రదృష్టితో అందెంత గ్రాహ్యమో అది వేఱు విచారణ. కాని ఆ మతమువారు తమ గురువు కథను అట్లు చెప్పుకొనుటకు సంకోచింపలేదనుట స్పష్టము. బసవనికి దక్కిన మర్యాద బౌద్ధునికి దక్కలేదు. భేదమును సహించుట అను గుణము ఆ కాలమున మతపు గడప దాటి బయటికి పోలేదు.

ఇక సమావేశము జరుగకుండుట. పండితారాధ్యుడు బసవని మహిమలను విని ఆయనను చూడవలెనని బయలుదేరెననియు, దారిలోనుండగనే బసవడు కూడలి సంగమమున లింగైక్యమందెనను వార్త చేరెననియు, ఆయన మిక్కిలి దుఃఖించెననియు సోమనాథుడు చెప్పుచున్నాడు. బసవపురాణము ప్రకారము అంతకుముందే కళ్యాణము అల్లకల్లోలమైనది. బిజ్జలుడు అల్లయ్య మధువయ్యలను ఇరువురు భక్తుల కన్నులు తీయించుట, దానికి ప్రతీకారముగ జగదేవుడు మొదలైనవారు రాజును వధించుట క్రీ.శ. 1167 ప్రాంతపు సంగతులు. సంగమమునకు పోయిన బసవడు మరలి రాలేదు. పండితారాధ్యుడును కళ్యాణము చేరలేదు. ఆయన శ్రీశైలమునకు పోయి అచటనే శివైక్యమందెను. సోమనాథుడు అందులకై పర్వత ప్రకరణమును మొత్తము వెచ్చించెను.

ఇచట సోమనాథుని స్థితి ఆలోచింపదగినది. ఆయన మొదటి ప్రతాపరుద్రుని కాలమువాడని కొందఱు, రెండవ ప్రతాపరుద్రుని కాలమువాడని కొందఱు పండితులు వాదించిరి. ఏ మతమును గ్రహించినను ఆ ఇరువురి అవసానమునకు తరువాతనే గ్రంథములు రచించినవాడు. భక్తిచే బసవనివాడు, బసవపురాణమును మొదట వ్రాసినవాడు. అట్టివాడు తన గురువుతో ఏకీభవింపనివాని చరిత్రమును అంతకంటె పెద్ద గ్రంథముగ, దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములుగ విస్తరించుటకు కారణమేమి? భేదమును మాయము చేయుటకు ఆయనకు రెండు సులభమార్గములుండెను. కళ్యాణమున సమావేశమును కల్పించి పండితుని బసవని పాదములపై పడవేయుట ఒకటి. ఆ కాలపు పురాణకర్తలకు అది కష్టమైన పని కాదు. పండితుని గూర్చి వ్రాయకుండుట రెండవది. సోమనాథుడు రెంటిని విడిచి, దుఃఖమును మాత్రము వ్రాసెను.

ఆయనలోనే ఆ రెండు పక్షములును ఉండుట దీనికి హేతువని మా ఊహ. ద్విపదను, జాను తెనుగును చేపట్టి సామాన్య భక్తులకై వ్రాసినవాడాయనయే. చతుర్వేదసారమును, సంస్కృతమున సోమనాథభాష్యమును రచించి శైవము వేదసమ్మతమని నిరూపింప పూనుకొన్నవాడును ఆయనయే. వేదమును పూర్తిగ వదలుకొనిన వానికి ఆ శ్రమ ఎందులకు? అనుభవసారమున తాను భృంగిరిటి గోత్రుడనని చెప్పుకొనుట, బసవపురాణమున విష్ణురామిదేవుని శ్రియాదేవిని తల్లిదండ్రులుగ పేర్కొనుట చూపి ఆయన జంగముడా బ్రాహ్మణుడా అని మన పరిశోధకులు చాల కాలము తగవులాడిరి. ఆ తగవు తెగకుండుటయే ఆయన స్వభావమునకు మంచి వ్యాఖ్య.

బయటివారు ఈ సూక్ష్మములను లెక్కింపలేదు. పిడుపర్తి సోమనాథుడు పద్యములలో వెలయించిన బసవపురాణమున ఒక కథ కలదు. ఓరుగంట శివాలయమున భక్తులు బసవపురాణమును చదువుచుండగా ప్రతాపరుద్రుడు అదేమని అడిగెను. పక్కనున్న బ్రాహ్మణుడొకడు, అది పాల్కురికి సోమనాథుడను పతితుడు ఇటీవల ద్విపదలో అల్లినది, ప్రమాణము కాదనెను. రాజు వినక వెడలిపోయెను. వేదమునకు భాష్యము వ్రాసినవాడు ఆ బ్రాహ్మణుని నోట పతితుడయ్యెను.

భేదము మర్యాదగ నిలిచినంత మాత్రమున దానికి వెల లేదని అనరాదు. కన్నడదేశమున బసవని మార్గము అనేక కులముల భక్తులను కలుపుకొని మహాసమాజముగ పెరిగినది. సోమనాథుని బసవపురాణమే 1369లో భీమకవి చేత కన్నడమున వెలసినది. తెనుగున ఆరాధ్య బ్రాహ్మణులొక శాఖగను, జంగములు వేఱొక శాఖగను ఉండిపోయిరి. మాచయ్య వంటివానికి కళ్యాణమున దొరకిన చోటు ఆరాధ్యుల పంక్తిలో దొరకలేదు. పండితారాధ్యుని ‘విడువలేను’ అను మాట వ్యక్తిగతమైనదే కావచ్చును. దాని ఫలము మాత్రము ఆ మాట వినుటకైనను అవకాశము లేనివారికి తగిలినది. ఆయన ప్రామాణికతను మేము శంకింపము. బసవని పక్షమున న్యాయమెక్కువ యున్నదని చెప్పుటకును వెనుదీయము.

ఆరాధ్యులు జన్నిదమును విడువలేదు, లింగమును విడువలేదు. నేటికిని ఆ సంప్రదాయమున ఒకే మేన ఆ రెండును ధరింతురు.