బంతి చేతికా, చెయ్యి బంతికా?

మా ఇంట్లో ఎవరికి ఏ ఎదురుదెబ్బ తగిలినా మా అత్తగారి చెయ్యి ముందు ఉప్పు డబ్బా మీదికి పోతుంది. పరీక్ష తప్పినా, సంబంధం తప్పినా, ఆఖరికి బస్సు తప్పినా సరే, గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడెయ్యాల్సిందే. ఇప్పుడు గ్యాసు పొయ్యి కాబట్టి పడెయ్యడానికి చోటు లేక పెరటి సింకు దగ్గర పెడతారు. అదివేరే సంగతి.

ఆ శనివారం సాయంత్రం ఆవిడకి దిష్టి తీసే పని ఎనిమిదింతలైంది. మా అక్క కూతురు శిరీష శ్రీకాకుళం నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకుంటోంది. కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంది. ఆవేళ కాలేజీల పోటీలో ఫైనల్ మ్యాచి. ఒక్క గోలు తేడాతో ఓడిపోయి, మోకాళ్ళకి మట్టీ మొహాలకి కన్నీళ్ళ చారికలతో ఎనిమిదిమంది పిల్లలు మా హాల్లోకి వచ్చిపడ్డారు. పిల్లలు ఏడుస్తుంటే ఏమీ తోచని ఇల్లాలు ఏం చేస్తుంది? పొయ్యి మీద మూకుడు పెడుతుంది. నేనూ పునుగులు వెయ్యడం మొదలుపెట్టాను.

సంగతేమిటంటే, ఆట ముగియడానికి అయిదు నిమిషాలుందనగా మా వాళ్ళ గోలు ముందు గుంపులో బంతి ఎవరి చేతికో తగిలింది. రిఫరీ ఈల ఊది పెనాల్టీ ఇచ్చాడు. అవతలి పిల్ల గోలు కొట్టేసింది. అంతే కథ. ఆ చెయ్యి మా శిరీషది.

"అది తప్పెలా అవుతుంది ఆంటీ? బంతి వచ్చి చేతికి తగిలితే తప్పు కాదు. చెయ్యి బంతి దగ్గరికి వెళితేనే తప్పు. ఆ రిఫరీకి రూల్సే రావు" అని ఒక పిల్ల. "రిఫరీ మాట సరే, మన ఖర్మ చూడవే. మనం కొట్టిన బంతి రెండుసార్లు పోలుకి తగిలి వెనక్కొచ్చింది" అని గోల్‌కీపరు. ఎవరో ఫోన్లో వీడియో తీశారట. దాన్ని పదిసార్లయినా వేసుకుని చూశారు. చెయ్యి తగిలే సమయానికి ఇంకో పిల్ల వీపు అడ్డొస్తోంది. రాత్రి షిఫ్టుకి బయల్దేరుతూ స్టీల్‌ప్లాంటు యూనిఫారంలో మా ఆయన కూడా ఒకసారి చూసి, "రిఫరీదే తప్పు" అని తీర్పు చెప్పి మరీ వెళ్ళారు. అత్తగారిది మాత్రం మూడో వర్గం. "పొద్దున్న గేటు దగ్గర ఎదురింటావిడ ఎలా చూసిందో నాకు తెలుసు" అన్నారు.

శిరీష మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. పునుగూ ముట్టుకోలేదు.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. ఆటలు తెలియవు గానీ, అరగంట వాదన వింటే అది ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనిపిస్తుంది. చూస్తే ఈ జట్టీ నిన్నా మొన్నటిది కాదు. ఇంగ్లండులో మొదట్లో ఈ ఆటకి రిఫరీయే లేడు. తగువొస్తే రెండు జట్ల కెప్టెన్లూ తేల్చుకునేవారు. తరవాత చెరో పక్షం నుంచీ ఒక అంపైరు వచ్చాడు. ఎవరి అంపైరు వాళ్ళ పక్షమేగా మరి! పెళ్ళిలో లాంఛనాల దగ్గర మగపెళ్ళివారి పెద్దమనిషీ ఆడపెళ్ళివారి పెద్దమనిషీ కూర్చున్నట్టన్నమాట. వాళ్ళిద్దరికీ పొసగనప్పుడు అడగడానికని గట్టున మూడో మనిషిని నిలబెట్టారు. ఆయనే రిఫరీ. 1891లో ఆయన్ని గట్టు మీంచి మైదానంలోకి దింపి, అధికారమంతా ఆయన చేతిలో పెట్టారు. పాత అంపైర్లు గీత పక్కన జెండా పట్టుకునే లైన్స్‌మన్లయ్యారు.

మా పిల్లల్ని ఏడిపించిన పెనాల్టీ పుట్టింది కూడా ఆ 1891లోనే. ఐర్లండులో విలియం మెక్రమ్ అనే గోల్‌కీపరు ఆ ఆలోచన చెప్పాడు. గోల్‌కీపరే గోల్‌కీపర్ల పీకల మీదికి తెచ్చాడు చూడండి! అప్పట్లో పెద్దింటి ఆటగాళ్ళు మండిపడ్డారు. మర్యాదస్థుడు కావాలని తప్పు చేస్తాడా, ఆ నియమం పెట్టడమే మమ్మల్ని అవమానించడం అన్నారు. కొరింథియన్స్ అనే పెద్దమనుషుల క్లబ్బువాళ్ళు పెనాల్టీ వస్తే కావాలని బంతిని పక్కకి తన్నేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మనుషులందరూ మర్యాదస్థులైతే రిఫరీ ఎందుకు, కోర్టులెందుకు?

మా మామగారు పోర్టులో పనిచేసి రిటైరైనవారు. అంతసేపూ పేపరు చాటున ఉన్నాయన, పేపరు దించి, "ఒక్క గోలుకే ఇంత గొడవా? మనవాళ్ళు పది గోళ్ళు తిన్నారు తెలుసా?" అన్నారు. పిల్లలు గప్‌చిప్.

నిజమే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా ఓడిపోయింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఉత్తికాళ్ళతో ఆడారు. ఆ జట్టుకి కోచ్ మన హైదరాబాదు మనిషే, సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిపంతులుగా పనిచేసిన మనిషి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుని తీర్చిదిద్ది, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిపించినవాడు.

ఇక్కడే నాకో సంగతి తట్టింది. పదికి ఒకటిగా ఓడినప్పుడు రిఫరీని తిట్టేవాళ్ళు ఉండరు. అదృష్టం మాటే ఎత్తరు. తలొంచుకుని ఇంటికొచ్చి ఏం లోపమో చూసుకుంటారు. హెల్సింకీ తరవాత మన దేశంలో బూట్లు వేసుకోవడం తప్పనిసరి చేశారు. ఒక్క గోలుతో ఓడినప్పుడే ఖర్మా, రిఫరీ, ఎదురింటావిడా గుర్తుకొస్తారు. కూర మొత్తం మాడిపోతే 'నేనే చూసుకోలేదు' అని ఒప్పుకుంటాం. కాస్త అడుగంటిందంటే మాత్రం ఆ తప్పు గిన్నెది!

నాలుగేళ్ళ తరవాత, 1956లో, రహీమ్ గారి జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే నాలుగుకి రెండుగా ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. ఆస్ట్రేలియావాళ్ళకి అది మింగుడు పడలేదు. గాలివాటు గెలుపన్నారనీ, మళ్ళీ ఆడదాం రమ్మన్నారనీ అంటారు. ఒలింపిక్స్ అయ్యాక సిడ్నీలో మళ్ళీ ఆడారు. ఈసారి ఏడుకి ఒకటిగా మనవాళ్ళే గెలిచారు. అదృష్టం అన్న మాటకి అంతకంటే మర్యాదైన జవాబు ఉంటుందా?

అలాగని మనవాళ్ళకి గుండెకోత తప్పలేదు. మెల్‌బోర్న్‌లోనే సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోలు కొట్టింది మనమే. చివరికి ఒకటికి నాలుగుగా ఓడి, ఆఖరికి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. 1960 రోమ్‌లో ఫ్రాన్సు మీద ఒక గోలు ఆధిక్యంలో ఉండి, మరికొద్ది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా గోలు ఇచ్చుకున్నాం. హంగరీ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఆ మ్యాచిలో మన గోలు కొట్టింది సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామన్. 'అయ్యో, ఇంకాస్తలో' అనుకునే ఓటములన్నీ ఆ జట్టు రుచి చూసింది.

రహీమ్ గారు ఆ 'ఇంకాస్త'కి మందు వెతికిన తీరు నాకు భలే నచ్చింది. ఆయన కుర్రాళ్ళకి విచిత్రమైన పోటీలు పెట్టేవారట. ఒకదాంట్లో బంతిని దగ్గరే అట్టేపెట్టుకోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడు ఎడంకాలితో, ఎడంకాలి వాటం వాడు కుడికాలితో. ఎందుకంటే కీలకమైన క్షణంలో బంతి మనకి అలవాటైన కాలి దగ్గరికే వస్తుందని రాసిపెట్టి లేదు కదా. మనం ఖర్మ అనే దాంట్లో సగం వాటం లేని కాలే!

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచి దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్ళతో ఓడిపోయారు. ఆపైన వేరే రగడ. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలని రానివ్వలేదని మన దేశపు ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనవాళ్ళ మీద కోపంగా ఉన్నారు. ఫైనల్ రోజున స్టేడియం నిండా ఉన్న జనం మన జట్టుని ఎగతాళి చేస్తూ అరుస్తూనే ఉన్నారు. జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ గారి ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. అదృష్టం బాగాలేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఫైనల్లో ఎదురైంది మళ్ళీ ఆ దక్షిణ కొరియాయే. పి.కె. బెనర్జీ ఒకటీ, కుట్ల తలతో జర్నైల్ ఒకటీ కొట్టి రెండుకి ఒకటిగా బంగారు పతకం తెచ్చారు. మరుసటేడు 1963 జూన్‌లో రహీమ్ గారు కన్నుమూశారు.

"అది పాతకాలం తాతగారూ" అంది ఒక పిల్ల. పోనీ, కొత్తకాలం చూడమ్మా అన్నాను. ఆట వేరైనా మొన్న 2025 అక్టోబరులో మన విశాఖలో జరిగిందేమిటి? ఆడపిల్లల క్రికెట్ వరల్డ్ కప్పు. తొమ్మిదో తారీకున మధురవాడ స్టేడియంలో రిచా ఘోష్ తొంభై నాలుగు కొట్టినా దక్షిణాఫ్రికా చేతిలో మూడు వికెట్లతో ఓడిపోయాం. పన్నెండో తారీకున 330 పరుగులు చేసి కూడా ఆస్ట్రేలియాకి అప్పగించేశాం. అలీసా హీలీ 142 కొట్టింది. మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి మూడు వికెట్లు తీసినా ఆగలేదు. ఆ వారమంతా మా వీధిలో ఏ అరుగు మీద చూసినా ఇదే పంచాయితీ. టాస్ ఓడామని ఒకరు, బౌలర్లు చాల్లేదని ఒకరు. మా కూరలబ్బాయైతే మన ఊరే అచ్చిరాలేదని విచారపడ్డాడు.

తరవాతేమైంది? సెమీఫైనల్లో ఆ ఆస్ట్రేలియామీదే 339 పరుగుల లక్ష్యం ఛేదించారు. నవంబరు రెండున నవీ ముంబైలో ఆ దక్షిణాఫ్రికానే యాభై రెండు పరుగులతో ఓడించి కప్పు ఎత్తారు. ఫైనల్లో కూడా టాస్ మనకి పడలేదు సుమండీ! జకార్తా కథే మళ్ళీ. మొదట్లో ఎవరి చేతిలో ఓడామో చివర వాళ్ళమీదే గెలిచాం. విశాఖలో పోయిన రెండు మ్యాచిలూ మన ఊరు అచ్చిరాకపోవడం కాదు, లోపం ఎక్కడుందో అక్కడ తెలిసొచ్చిందేమోనని నాకనిపిస్తుంది.

నా ఉపన్యాసం పునుగులతోపాటే అయిపోయింది. పిల్లలు వెళ్ళిపోయారు. రాత్రి నేను వంటిల్లు సర్దుతుంటే శిరీష వచ్చి గడప దగ్గర నిలబడింది.

"పిన్నీ, బంతి నా చేతికి తగల్లేదు. నా చెయ్యే బంతికి తగిలింది."

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"నా వెనకాల ఆ పిల్ల ఒక్కతే ఉంది. బంతి దాటితే గోలైపోతుందని తెలుసు. చెయ్యి దానంతటదే వెళ్ళింది అనుకుందామనుకున్నా. కానీ నాకు తెలుసు. రిఫరీ కరెక్టే. వాళ్ళంతా నాకోసం ఆయన్ని తిడుతున్నారు పిన్నీ."

అప్పుడర్థమైంది నాకు. సాయంత్రమంతా ఆ వాదన శిరీషని ఓదార్చడానికే. కానీ ఒక్కొక్క మాటా దాని మీద ఒక్కొక్క ఇటుకలా పేరుకుంది. మెక్సికోలో 1986 వరల్డ్ కప్పులో మారడోనా చేత్తో గోలు కొట్టి, అందులో దేవుడి చెయ్యి కూడా ఉందని నవ్వేశాడు. గెలిచినవాడికి ఆ చమత్కారం చెల్లింది. ఓడిన పిల్లకి దేవుడి మీదికి నెట్టే వీలు కూడా లేదు.

చెప్పెయ్యమని నేననలేదు. చెప్పొద్దనీ అనలేదు. పెద్దవాళ్ళం మనం ఆఫీసుల్లో, అత్తారిళ్ళలో ఎన్నిసార్లు వీడియోకి అడ్డొచ్చిన వీపు చాటున దాక్కోలేదు? "ఇంత అన్నం తిని పడుకో" అన్నాను. పెరుగన్నం కలిపి పెడితే తింది.

ఆదివారం పొద్దున్న తనే ఫోన్లు చేసి అందరినీ బీచికి పిలిచింది. రెండు గంటలు నాకు పనిలో చెయ్యి ఆడలేదు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూడా గోల్‌కీపరు మాత్రమే వచ్చింది. మిగతా పిల్లల్లో ఇద్దరు మాట్లాడకుండా వెళ్ళిపోయారట. ఆ పిల్ల మాత్రం వచ్చి ఇడ్లీల ముందు కూచుని, "ఈ మాట నిన్ననే చెప్పుంటే రిఫరీని తిట్టే టైములో ఇంకో వాయి పునుగులు తినేవాళ్ళం కదా ఆంటీ" అంది. శిరీష మొదటిసారి నవ్వింది. టిఫిన్ కాగానే ఇద్దరూ పెరట్లోకి పోయి, ఎడంకాలితో గోడకి బంతి తన్నడం మొదలుపెట్టారు. మూడోసారికే మా తులసికోట పక్కన కుండీ ఒకటి పగిలింది.

ఆ చప్పుడుకి మా అత్తగారు బయటికొచ్చారు. సంగతంతా విన్నారు. కుండీ గురించి ఏమైనా అంటారేమోనని నేను భయపడుతుంటే, లోపలికెళ్ళి ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చారు.

"ఇప్పుడెందుకత్తయ్యా?" అన్నాను.

"నిజం చెప్పిన పిల్లకి దిష్టి మరీ ఎక్కువ తగులుతుందే" అన్నారావిడ, మూడుసార్లు తిప్పుతూ.